శీతల పేటికలో కంటిపొర: జనాజాకు ముందు ఆరు గంటలు

ముసునూరులో గాని, నూజివీడు చుట్టుపక్కల మరే ఊళ్ళో గాని, తోట నుంచి వచ్చిన చిన్నరసం పండును ఫ్రిజ్ పైఅరలో, మంచు గడ్డకట్టే చోట పెట్టి మరచిపోయిన ఇల్లాలిని అడిగి చూడండి. నాలుగు రోజుల తర్వాత తీసి పళ్ళెంలో పెడితే ఏమవుతుంది? మొదట పండు రాయిలా, నిగనిగలాడుతూ ఉంటుంది. కరిగేకొద్దీ తొక్క ముడతలు పడుతుంది. పీచు ఒకవైపు, నీరు ఒకవైపు అయిపోతాయి. రుచి కాస్త మిగిలినా పండు మాత్రం పండుగా మిగలదు. అదే రసాన్ని చక్కెర కలిపి తాండ్ర పోస్తే ఏడాది నిలుస్తుంది. ఉప్పు, నూనె పట్టించి ఆవకాయ పెడితే మళ్ళీ కొత్తకాయ వచ్చేదాకా నిలుస్తుంది. ఇక మన పెద్దలు బేనిషాన్ అని పిలుచుకునే బంగినపల్లి కాయ మరీ సుకుమారం. పదమూడు డిగ్రీల కంటే బాగా తక్కువ చలిలో ఎక్కువ రోజులు ఉంచితే, గడ్డకట్టకపోయినా తొక్క నల్లబడుతుంది, సరిగా పండదు. నున్న మార్కెట్‌కు కాయ తోలే వ్యాపారులెవరికీ ఇది చెప్పనక్కర లేదు.

మనిషి శరీర భాగాలను భద్రపరచాలని తలపెట్టిన వైద్యశాస్త్రం ఎదుర్కొన్న చిక్కు కూడా ఇదే. చల్లబరిస్తే కుళ్ళు ఆగుతుంది, కాని గడ్డకడితే ప్రాణం పోతుంది. ఒక్కో భాగానికి ఒక్కో చలి, ఒక్కో గడువు. ఈ గడువుల సంగతి తెలియకపోవడం వల్ల మన ఇళ్ళలో ఎన్నో మంచి ఉద్దేశాలు ఖబరస్తాన్ దాకా వెళ్ళి మట్టిలో కలిసిపోతున్నాయి. కొన్నిచోట్ల తెలిసీ, ధర్మం ఒప్పుకుంటుందో లేదో అన్న సందేహంతోనే ఆగిపోతున్నాయి. అందుకే ఈ రెండు విషయాలనూ కలిపి ఈ వారం మీ ముందు ఉంచుతున్నాం.

గడ్డకట్టే నీరే శత్రువు

మన శరీరంలోని ప్రతి కణమూ నీటితో నిండిన సన్నని సంచి వంటిది. చలి పెరిగినప్పుడు మొదట కణాల బయటి నీరు మంచు స్ఫటికాలుగా మారుతుంది. మంచులో ఉప్పు ఇమడదు కాబట్టి మిగిలిన నీరు చిక్కని ఉప్పునీరై, ఊరగాయ జాడీలో ఉప్పు ముక్కలోని నీటిని లాగినట్టు, కణంలోని నీటిని బయటకు లాగేస్తుంది. అలా కాకుండా త్వరత్వరగా చల్లబరిస్తే నీరు బయటకు పోయే వ్యవధి ఉండదు. అప్పుడు కణం లోపలే మంచు ఏర్పడి పొరలను చీల్చేస్తుంది. నెమ్మదిగా చేస్తే ఎండిపోతుంది, వేగంగా చేస్తే చిరిగిపోతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ మేజర్ ఈ రెండు ప్రమాదాల లెక్కను 1960, 70 దశకాల్లో తేల్చిచెప్పాడు.

దీనికి మొదటి విరుగుడు దొరికిన తీరు విచిత్రమైనది. 1949లో లండన్ శివారులోని మిల్‌హిల్ ప్రయోగశాలలో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రే స్మిత్, అలన్ పార్క్స్ అనే ముగ్గురు కోడిపుంజుల వీర్యాన్ని చక్కెర ద్రావణంలో గడ్డకట్టించి మళ్ళీ బ్రతికించాలని చూస్తున్నారు. ఎన్నిసార్లు చేసినా ఫలించలేదు. ఒకనాడు ఉన్నట్టుండి ఫలించింది. ఏమిటా అని ఆరా తీస్తే సీసాల చీటీలు తారుమారయ్యాయని తేలింది. ఆ సీసాలో ఉన్నది చక్కెర కాదు, గ్లిజరిన్! గ్లిజరిన్ కణంలోకి దూరి నీటితో కలిసిపోయి స్ఫటికాలు పెరగకుండా అడ్డుకుంటుంది. చీటీ తప్పు అంటించినవారెవరో గాని, లోకానికి గొప్ప మేలే చేశారు.

ఆ మేలు మన పల్లెలకు ఎప్పుడో చేరింది. గేదెకు సూది వేయించడానికి పశువుల ఆసుపత్రికి తోలుకెళ్ళినవారు అక్కడ పొగలు కక్కే అల్యూమినియం క్యాను చూసే ఉంటారు. అందులో ఉండేది సున్నాకు 196 డిగ్రీలు దిగువన ఉండే ద్రవ నత్రజని. మేలుజాతి దున్న వీర్యం సన్నని గొట్టాల్లో ఏళ్ళ తరబడి అందులో నిద్రపోతుంది. హైదరాబాద్ సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఇదే పద్ధతిలో అంతరించిపోయే వన్యమృగాల కణజాలాన్ని దాస్తోంది. దీనిని 2007లో అప్పటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు.

గుండెను ఎందుకు దాచలేరు?

విడివిడి కణాలను దాచడం వచ్చింది. రక్తాన్ని పుట్టించే మూలకణాలను గడ్డకట్టించి, క్యాన్సర్ మందులు ఇచ్చిన తర్వాత రోగికి తిరిగి ఎక్కించడం పెద్ద ఆసుపత్రుల్లో మామూలైపోయింది. కాని మూత్రపిండం, కాలేయం, గుండె అలా కాదు. వాటిలో పదుల రకాల కణాలు, వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు ఉంటాయి. పైభాగం గడ్డకట్టేసరికి లోపల ఇంకా వెచ్చగానే ఉంటుంది. మళ్ళీ కరిగించేటప్పుడు పైన ముందుగా కరిగి లోపల పగుళ్ళు వస్తాయి. అందుకే ఈనాటికీ మనిషి గుండెను గడ్డకట్టించి దాచే ఆసుపత్రి ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది ప్రత్యేక ద్రావణంతో కడిగి, సుమారు నాలుగు డిగ్రీల చలిలో మంచుపెట్టెలో పెట్టడమే. 1980 దశకంలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సౌదర్డ్ అనే ఇద్దరు తయారుచేసిన ద్రావణం దీనికి పెట్టింది పేరు. అయినా గుండెకు నాలుగు నుంచి ఆరు గంటలు, కాలేయానికి పన్నెండు గంటల వరకు, మూత్రపిండానికి ఒకరోజు, మహా అయితే ఇంకాస్త. విజయవాడ ఆసుపత్రి నుంచి గన్నవరం విమానాశ్రయం దాకా పోలీసులు బండ్లన్నీ ఆపి అంబులెన్సుకు దారి ఇవ్వడం మీరు చూసి ఉంటారు. ఆ హడావుడంతా ఈ నాలుగు గంటల కోసమే. ఆ గడువును నాలుగు రోజులు చేయగలిగితే ఇంకెందరి ప్రాణాలు నిలుస్తాయో ఊహించండి.

ఆ దిశగా పరిశోధన జోరుగా సాగుతోంది. మన వంటింటి పోలికతోనే చెప్పుకుందాం. పాకాన్ని తీరిగ్గా, నిలకడగా ఉంచితే పటికబెల్లంలా స్ఫటికం కడుతుంది. ముదురు పాకాన్ని వేరుశనగ గుళ్ళమీద పోసి వెంటనే చల్లారిస్తే అచ్చు గాజులా, స్ఫటికం లేకుండా బిగుసుకుంటుంది. అవయవంలోకి రక్షక ద్రావణం ఎక్కించి ఈ రెండో పద్ధతిలో గాజులా బిగించడమే శాస్త్రజ్ఞుల యత్నం. 1985లో ఎలుక పిండాలతో ఇది సాధ్యమైంది. ఆ తర్వాత కాలిఫోర్నియాలో గ్రెగరీ ఫాహి బృందం ఒక కుందేలు మూత్రపిండాన్ని ఇలా బిగించి, కరిగించి, తిరిగి కుందేలుకే అమర్చింది. ఆ ఒక్క మూత్రపిండంతోనే కుందేలు 48 రోజులు బ్రతికింది. అసలు కష్టం కరిగించడంలో ఉంది. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు దానికీ ఉపాయం కనిపెట్టారు. అతిసూక్ష్మమైన ఇనుప రేణువులను రక్తనాళాల నిండా పంపి, అయస్కాంత శక్తితో లోపలా బయటా ఒకేసారి వేడెక్కించారు. ఇలా వంద రోజుల వరకు దాచిన ఎలుక మూత్రపిండాలు వేరే ఎలుకల్లో పనిచేశాయి. మనిషి మూత్రపిండం ఎలుకదానికి ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి డయాలసిస్‌కు తిరుగుతున్న బంధువులు రేపే ఏదో జరిగిపోతుందని ఆశపడవద్దు. పనికిమాలిన పరిశోధన అనీ అనుకోవద్దు. 2019లో అమెరికా వైద్యులే మనిషి కాలేయాన్ని సున్నాకు నాలుగు డిగ్రీలు దిగువన, మంచు కట్టనివ్వకుండా, 27 గంటలు నిలపగలిగారు. దానిని ఎవరికీ అమర్చలేదు గాని, గడువు మాత్రం రెట్టింపును దాటింది.

ఇంతకూ ఈ విద్య అల్లాహ్ సృష్టిలో ఒక కప్పకు పుట్టుకతోనే తెలుసు. ఉత్తర అమెరికా అడవి కప్ప చలికాలంలో తన ఒంటి నీటిలో సగానికి పైగా గడ్డకట్టి, గుండె ఆగి, వసంతంలో మళ్ళీ గెంతుతుంది. మంచు తగలగానే దాని కాలేయం ఒళ్ళంతా చక్కెర పోస్తుంది. మన మామిడి తాండ్ర కిటుకే!

సున్నం, కన్ను

గుండె, మూత్రపిండాల విషయం పెద్ద ఆసుపత్రులది. ముసునూరు ఇంటి గడప దాకా వచ్చే విషయం కంటిది. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శక పొరను కార్నియా అంటారు. దానికి పుండుపడి తెల్లబడితే చూపు పోతుంది. పొలంలో గడ్డిపరక గుచ్చుకున్నా, పురుగుమందు పడినా, ఆ పుండుకు నాటుమందు పోసినా ఇదే గతి. తమలపాకు, వక్క ఉండే ఇళ్ళలో ఇంకొక ప్రమాదం ఉంది. సున్నం ప్యాకెట్టును పిల్లలు ఆడుకుంటూ నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది. ఇలా రెండు కళ్ళూ పోగొట్టుకున్న చిన్నారులను హైదరాబాద్ కంటి వైద్యులు ఎందరినో చూశారు. సున్నం పడితే వెంటనే కుళాయి కింద అరగంట కడిగి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. (ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా చాలు, ఈ వ్యాసం చదివిన శ్రమ దక్కినట్టే.)

ప్రపంచంలో మొదటిసారి విజయవంతంగా కంటిపొర మార్చినది కూడా సున్నం పడి రెండు కళ్ళూ పోయిన ఒక కూలీకే కావడం విశేషం. 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఒలొమోట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు ఆ శస్త్రచికిత్స చేశాడు. ఇనుప ముక్క గుచ్చుకుని తీసేయక తప్పని ఒక పిల్లవాడి కంటి నుంచి పొర తీసుకున్నాడు. రెండు కళ్ళలో ఒకటి నిలిచింది. కూలీ మళ్ళీ పనికి వెళ్ళాడు. 1930 దశకంలో ఒడెస్సా వైద్యుడు ఫిలాతొవ్, చనిపోయినవారి కన్నును చలిలో ఉంచి వాడవచ్చునని రుజువు చేశాడు. మనదేశంలో 1945లో మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో డాక్టర్ ముత్తయ్య మొదటి ఐ బ్యాంకు తెరిచారు. కోస్తా ఆంధ్ర కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న రోజులవి.

తొలినాళ్ళలో కన్నును తడి గుడ్డతో మంచుపెట్టెలో పెట్టి, ఒకటి రెండు రోజుల్లో వాడేయవలసి వచ్చేది. 1974లో మెకారీ, కాఫ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు కంటిపొరను నాలుగు రోజులు బ్రతికించే ద్రావణం తయారుచేశారు. వారి పేర్లతోనే దానిని ఎం.కె. మీడియం అంటారు. విదేశాల నుంచి తెప్పించుకుంటే ఖరీదు ఎక్కువ. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంకు దీనిని తానే తయారుచేసి దేశంలోని ఇతర ఐ బ్యాంకులకూ అందించింది. ఎక్కడో మారుమూల చనిపోయినవారి చూపు పట్నం చేరే వ్యవధి దాంతో దొరికింది. ఎల్.వి. ప్రసాద్ సంస్థకే చెందిన విశాఖపట్నం ఐ బ్యాంకు పేరు మోహ్సిన్ ఐ బ్యాంకు అన్న సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు.

ఇక్కడే మరొక రెండు పొరల గురించి చెప్పాలి. కాన్పు అయ్యాక పారేసే మాయలోని పల్చటి పొరను సున్నా దిగువ 80 డిగ్రీల చలిలో దాచి, సున్నం, ఆమ్లం పడి కాలిన కళ్ళకు కట్టులా అతుకుతారు. చనిపోయినవారి తొడలు, వీపు మీద నుంచి తీసిన కాగితమంత పల్చని చర్మాన్ని గ్లిజరిన్‌లో ఉంచి, నాలుగు డిగ్రీల చలిలో ఏళ్ళ తరబడి నిలవ చేసి, స్టవ్ పేలి, పెట్రోలు మంటల్లో కాలినవారికి కప్పుతారు. ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో ఇలాంటి చర్మ బ్యాంకు వచ్చింది. ఆ చర్మం శాశ్వతంగా అతుక్కోదు. రోగి సొంత చర్మం కోలుకునేదాకా మూడు నాలుగు వారాలు ఊపిరి నిలిపి ఆ తర్వాత రాలిపోతుంది. సగం ఒళ్ళు కాలిన మనిషికి ఆ వారాలే జీవన్మరణ సమస్య.

ఉలేమా ఏమంటున్నారు?

అసలు ప్రశ్నకు వద్దాం. శరీరం మనది కాదు, అల్లాహ్ ఇచ్చిన అమానతు. మృతదేహాన్ని గాయపరచడం బ్రతికున్నవారిని గాయపరచడం వంటిదేనని హదీసుల బోధ. మరి కన్ను ఇవ్వవచ్చునా?

దాచకుండా చెప్పాలంటే, ఉలేమా అందరిదీ ఒకే మాట కాదు. 1959లోనే ఈజిప్టు ముఫ్తీ షేక్ హసన్ మామూన్, చనిపోయినవారి కంటిపొరను చూపులేనివారికి అమర్చవచ్చునని ఫత్వా ఇచ్చారు. 1978లో సౌదీ అరేబియా అగ్ర ఉలేమా మండలి కూడా అనుమతించింది. 1988 ఫిబ్రవరిలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ, మృతుడు ముందే అనుమతించి ఉంటే, లేదా ఆ తర్వాత వారసులు సమ్మతిస్తే, ఒక ప్రాణం గాని, ఒక ముఖ్యమైన శక్తి గాని దానిమీదే ఆధారపడినప్పుడు అవయవం తీసుకోవచ్చునని తీర్మానించింది. అమ్మకం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదన్నది. మెదడు పూర్తిగా చనిపోయి యంత్రంమీద గుండె కొట్టుకుంటున్న స్థితి గురించి అదే అకాడమీ 1986లో అమ్మాన్‌లో విడిగా చర్చించింది. కంటికి ఆ చిక్కు లేదు. గుండె ఆగిన తర్వాతే తీస్తారు.

మరోవైపు ఉపఖండంలోని పలువురు హనఫీ ఉలేమా, ముఖ్యంగా పాకిస్తాన్‌కు చెందిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ, దీనిని అంగీకరించలేదు. 1989లో ఢిల్లీ సదస్సులో భారత ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, బ్రతికున్నవారు అత్యవసరంలో బంధువుకు మూత్రపిండం ఇవ్వడాన్ని అనుమతిస్తూనే, చనిపోయాక తన అవయవాలు తీసుకోమని చెప్పడం షరీఅత్ ప్రకారం వసీయతు కాజాలదన్నది. చర్చ ఆ తర్వాతా సాగుతూనే ఉంది. అనుమతించినవారు మాయిదా సూరా 32వ ఆయతును ఆధారం చేసుకుంటారు. కాదన్నవారు మృతదేహ గౌరవాన్ని ముందుంచుతారు. ఇద్దరిదీ భయభక్తులతో కూడిన మాటే. మా మటుకు మాకు, చూపులేని పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తే మొదటి పక్షం మాటే బరువుగా తోస్తుంది. కాని ఎవరి ఇంట్లోనైనా ఈ ప్రశ్నను నమ్మకమైన ఆలిమ్ దగ్గర, ఒంట్లో ఓపిక ఉండగానే తేల్చుకోవాలి. చావు ఇంట్లో, ఏడుపుల మధ్య తేలే ప్రశ్న కాదిది.

గడ్డకట్టే విద్య తెచ్చిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. సంతానం లేని దంపతుల పిండాలను దాచడం ఒకటి. 1978లో కలకత్తా వైద్యుడు సుభాష్ ముఖర్జీ దాచిన పిండంతోనే మనదేశపు తొలి పరీక్షనాళిక శిశువును పుట్టించాడు. ఆనాటి అధికారులు ఆయనను నమ్మలేదు, అవమానించారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 2021 చట్టం ప్రకారం పిండాన్ని పదేళ్ళ వరకు దాచవచ్చు. కాని భార్యాభర్తల బీజాలే కావాలి, నికాహ్ బంధం నిలిచి ఉండగానే వాడాలి అన్నది ఉలేమా షరతు. తల్లిపాల బ్యాంకుది వేరే పేచీ. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి పేరుతో అలాంటిది వచ్చింది. ఎవరి పాలు ఎవరు తాగారో తెలియకపోతే పాల బంధుత్వం తెలియక రేపు నికాహ్‌కు చిక్కు వస్తుందని జిద్దా అకాడమీ 1985లోనే ఇలాంటి బ్యాంకులను వద్దన్నది. ఇక బొడ్డుతాడు రక్తం దాస్తామంటూ కాన్పు గది దాకా వచ్చే ప్రైవేటు కంపెనీల సంగతి. బిడ్డ సొంత అవసరానికి అది పనికొచ్చే అవకాశం బహు తక్కువ అనీ, డబ్బు కట్టించుకుని దాచే ఈ వ్యాపారాన్ని తాము సిఫారసు చేయబోమనీ భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. అప్పు చేసి కట్టవద్దు.

రాత్రి పదింటికి ఒక ఇంట్లో

ముసునూరు మండలంలో ఏదో ఒక ఇల్లు అనుకోండి. రాత్రి పదింటికి నానీ కన్నుమూసింది. పెద్ద కొడుకు కువైట్‌లో ఉన్నాడు. ఆఖరి చూపు కోసం విమానం పట్టుకుని వస్తానంటాడు. నూజివీడు నుంచి అద్దెకు ఫ్రీజర్ పెట్టె తెప్పిస్తారు. ఖననాన్ని ఆలస్యం చేయవద్దని ఇమామ్ సాబ్ మెల్లగా చెబుతారు. కొడుకు కోసం ఒక రోజు ఆపడానికి వెనుకాడని ఇంట్లో, కన్ను తీయడానికి పావుగంట ఇవ్వమంటే మాత్రం, జనాజా ఆలస్యమవుతుందన్న మాట వస్తుంది. కోపగించుకోకండి, ఇది నింద కాదు. ఫ్రీజర్ పెట్టె అలవాటైంది, ఐ బ్యాంకు ఇంకా అలవాటు కాలేదు, అంతే.

లెక్క ఇది. కంటిపొరను ఆరు గంటలలోపు తీయాలి. దేహం చలిలో ఉంటే కొంత వెసులుబాటు ఉంటుంది గాని, ఆరు గంటలనే గురి పెట్టుకోవడం మేలు. శిక్షణ పొందినవారు ఇంటికే వస్తారు. పని పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. చాలా సందర్భాల్లో పైపొర మాత్రమే తీస్తారు. మొఖం మారదు, కనురెప్పలు మూసే ఉంటాయి. పరీక్షల కోసం కొద్దిగా రక్తం తీసుకుంటారు. ఎయిడ్స్, కామెర్ల వైరస్, రేబీస్ వంటివి ఉంటే ఆ కన్ను వాడరు. కళ్ళజోడు, షుగరు, శుక్లాల ఆపరేషన్ అడ్డు కావు. 1994 అవయవ మార్పిడి చట్టం, దానికి 2011లో వచ్చిన సవరణ ప్రకారం, బ్రతికుండగా వద్దని చెప్పి ఉండకపోతే దగ్గరి బంధువుల సమ్మతి చాలు. కార్డు రాసి ఉండకపోయినా ఫరవాలేదు. డబ్బు ఇవ్వరు, తీసుకోరు. ఎవరికి అమర్చారో చెప్పరు.

సమ్మతించిన ఇంట్లో, వారు వచ్చేలోగా చేయవలసింది కొద్దిగానే ఉంది. కనురెప్పలు మూసి, శుభ్రమైన దూదిని నీళ్ళలో తడిపి పైన ఉంచాలి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. పైన తిరిగే ఫ్యాను ఆపాలి, గాలికి పొర ఎండిపోతుంది. వైద్యుడిచ్చిన మరణ ధ్రువపత్రం ఉంటే చేతికి అందేలా పెట్టుకోవాలి. వచ్చినవారు పని ముగించుకుని, చిన్న సీసాను మంచుపెట్టెలో పెట్టుకుని బయలుదేరాక, గుసుల్‌కు నీళ్ళు పెట్టుకోవచ్చు.